రిలీవర్ రాని షిఫ్టు

మా ఆయనకి కుదురుగా కూర్చోవడం రాదు. అన్నం తింటున్నా ఒక చెవి వాకిలి వైపే ఉండేది. పెళ్ళైన కొత్తలో నేను దానికి బెంగపడితే, ఆయనతో కలిసి పనిచేసే లక్ష్మీప్రసాద్ అన్నయ్య నవ్వేవాడు.

"ఏటమ్మా కనకం, ఇప్పుడు తెలిసిందేటి నీకు? ఈడు పెళ్ళిపీటల మీద కూడా రిలీవర్ ఎప్పుడొస్తాడా అని దిక్కులు చూసేడు. నువ్వు తల వంచుకుని ఉండబట్టి చూడలేదు గానీ."

ఆయన పేరు శంకరరావు. రాజాం దగ్గర పల్లెలో పుట్టారు. మీసాలు సరిగా రాకముందే మేనమామ వెంట దుర్గ్‌లో రైలు దిగి, భిలాయి ఉక్కు ప్లాంటులో చేరారు. రిటైరయ్యేదాకా ఒకటే చోటు, బ్లాస్ట్ ఫర్నేస్. కరిగిన ఇనుము కొలిమి అడుగు నుంచి వాగులా బయటికి వచ్చే చోట ఆయన పని. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద వెంట్రుకలు ముడుచుకుపోయి ఉండేవి. పెళ్ళైన ఏడాదికి ఆ వాసన నాకు అలవాటైపోయింది. ఆయన పండక్కి తలంటుకున్నప్పుడే కొత్త మనిషిలా అనిపించేవారు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి, పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేసి "చలో భయ్యా, నేనొచ్చేను" అనాలి. అనేదాకా అక్కడున్న మనిషి కదలకూడదు. కదిలే ముందు హాల్ చెప్పాలి. అంటే కొలిమి ఎలా ఉంది, ఎక్కడ మొరాయిస్తోంది, దేనికి జాగ్రత్తగా ఉండాలి అని. చెప్పాక వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. ఆ తర్వాత మంచైనా చెడైనా వచ్చినవాడిదే. రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ. సెక్టర్ ఫోర్‌లో మా క్వార్టర్ ముందు సైకిల్ చప్పుడు వినబడలేదంటే, ఆ వేళ రిలీవర్ రాలేదని నేను గిన్నెల మీద మూతలు పెట్టేసేదాన్ని. ఒక హోలీ నాడు రిలీవర్ తాగి పడిపోతే మా ఆయన మూడు షిఫ్టులూ అక్కడే నిలబడ్డారు. ఇంటికొచ్చి వరండాలో బూట్లు విప్పుతూ విప్పుతూ నిద్రపోయారు. ఆ బూట్లు నేను లాగి తీశాను.

"కాసేపు ఎవరికో ఒకరికి చెప్పి రాకూడదేటండి?" అని అడిగాను మర్నాడు.

"ఎవరికో చెప్పడానికి అది దుకాణమేటే? కొలిమి," అన్నారు.

మాకు చాలా ఏళ్ళకి ఒక్కతే కూతురు, సత్యశ్రీ. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగింది. కోపం వస్తే హిందీ, ఆకలేస్తే తెలుగు. రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు దొరికితే చాలు వీపున సంచి తగిలించుకుని కొండలకి పోయేది. తండ్రి కాలు తనకి వచ్చిందని నేను తిట్టేదాన్ని. ఒకసారి మహారాష్ట్రలోని లోణార్ వెళ్ళి వచ్చింది. భూమిలో పెద్ద గుంట, పళ్ళెంలా గుండ్రంగా ఉంటుంది, అడుగున సరస్సు. గట్టు మీంచి అడవి గుండా దిగి నీళ్ళ దాకా నడిచి వెళ్ళాలి. అక్కడ నల్లరాతి స్తంభానికి ఆనుకుని నవ్వుతున్న ఫోటో తెచ్చి చూపించింది.

మా ఆయన ఫోనుని దూరంగా పెట్టి చూసి, "అగ్నిపర్వతం. రాయి చూస్తే తెలవడం లేదేటి? కరిగి పారిన రాయది," అన్నారు.

"కాదు నాన్నా. ఆకాశంలోంచి పెద్ద రాయి పడింది. దాంతో అయిన గుంట."

"రాయి పడితే గుంట పడతాది. రాయి కరగాలంటే కింద కొలిమి ఉండాల. నాకు చెప్తన్నావా?"

"అయితే నువ్వే వచ్చి చూడు. వచ్చే చలికాలం తీసుకెళ్తాను. కానీ నాన్నా, ఆ ఫర్నేస్ బూట్లు మాత్రం వేసుకుని రాకు. నా దోస్తుల ముందు పరువు పోతుంది."

వచ్చే చలికాలం రాలేదు. వానాకాలంలోనే పిల్లకి జ్వరం వచ్చింది. రాయ్‌పూర్ ఆసుపత్రిలో పడుకోబెట్టారు. పక్కన ఒక్క మనిషినే ఉండనిచ్చేవారు. పగలు ఆయన, సాయంత్రం నేను. ఆ రోజు నేను చారు కాచి క్యారియర్‌లో పోసుకుని బస్సులో వస్తున్నాను. ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన మెట్ల మీద కొబ్బరిబొండం పట్టుకుని నిలబడి ఉన్నారు. పై నుంచి నర్సు పరుగెత్తుకుంటూ దిగుతోంది. బొండం చేతిలోంచి పడలేదు. ఆయన దాన్ని రాత్రి దాకా పట్టుకునే ఉన్నారు.

పిల్ల దగ్గర నుంచి ఎందుకు కిందికి దిగారో ఆయన ఎవరికీ చెప్పలేదు. పిల్ల పోయాక పరామర్శకి వచ్చినవాళ్ళు అడిగారు, ఊరి నుంచి వచ్చిన మరిది అడిగాడు. నేను అడగలేదు. ఎన్ని షిఫ్టులైనా రిలీవర్ రాకుండా కాలు కదపని మనిషి, నేను వచ్చేదాకా ఆగకుండా దిగారు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఇద్దరి మధ్యా మంచం కింద పెట్టిన ట్రంకు పెట్టెలా అది అలాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఆయన నిద్రపోవడం మానేశారు. కునుకు పట్టినా కుర్చీలోనే. గ్యాస్ కట్టానా లేదా అని చూసేవారు, కుళాయిలు చూసేవారు, తలుపు గడియ చూసేవారు, మళ్ళీ గ్యాస్ చూసేవారు. తెల్లారితే పవర్ హౌస్ బజారు దాకా నడిచి ఏమీ కొనకుండా వచ్చేవారు. ఒక్కోసారి దుర్గ్ స్టేషన్‌కి వెళ్ళి రైళ్ళు చూసి వచ్చేవారు. నేను వంటింట్లో ఉంటే హాల్లో అడుగుల చప్పుడు, నేను హాల్లోకి వస్తే వరండాలో. ఇంట్లో ఇద్దరమే ఉన్నా నాకు మనిషి దొరికేవాడు కాదు.

ఈ మాఘమాసంలో ఒక పొద్దున్న, పూరీ పిండి కలుపుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"లోణార్ ఎల్తన్నాను. ఎల్లుండి రైలు."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్నే."

"తిరుగు టికెట్టు ఏదండీ?"

"అక్కడ చూద్దాం."

పిండి కలపడం ఆపాను. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. ఊరికి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా ముందు తిరుగు టికెట్టు తీసి, తర్వాత వెళ్ళే టికెట్టు తీసే మనిషి. డ్యూటీకి ఎక్కడ ఆలస్యమవుతుందోనని ఆయనకి అదొక చాదస్తం. ఇప్పుడు అక్కడ చూద్దామంటున్నారు. ఈయన ఆ గుంటలోకి దిగుతారు, పైకి రారు అని నా మనసుకి ఒక్కసారిగా తోచింది. తోచింది బయటికి అనలేదు.

"నేనూ వస్తాను."

"నువ్వేటి? మోకాళ్ళు నొప్పులు నీకు. రెండు మెట్లు దిగితే ఆయాసం."

"దిగలేకపోతే కూర్చుంటాను. నాకూ టికెట్టు తీయండి."

ఆయన చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళారు. మధ్యాహ్నానికి రెండో టికెట్టు తెచ్చి బల్ల మీద పడేశారు. అదీ ఒకవైపుదే.

బయల్దేరేనాడు అటక మీంచి బూట్లు దింపారు. ప్లాంటు వాళ్ళు ఏటేటా ఇచ్చే సేఫ్టీ బూట్లు మాలాంటి ప్రతి ఇంట్లోనూ నాలుగైదు జతలు కొత్తవి కొత్తవిగానే పడి ఉంటాయి. ముందు భాగంలో ఇనుప టోపీ ఉంటుంది, కాలి మీద దుంగ పడ్డా వేలు నలగదు. మా వీధిలో మగవాళ్ళు చెప్పులకి వంకలు పెడతారు గానీ ఆ బూట్లని ఒక్క మాట అననివ్వరు. ఆయన ఒక జత తొడుక్కుని, ఇంకో జత నా ముందు పెట్టారు.

"నా పాదం ఇందులో ఈదుతాదండి!"

"ముందు గుడ్డ కుక్కుకో. రెండు జతల మేజోళ్ళేసుకో. కొండంటే రాళ్ళు. రాయికి ఇదే మందు."

మేం వీధిలోకి వస్తుంటే పక్క క్వార్టర్ వరలక్ష్మమ్మ గారు తులసికోట దగ్గర నిలబడిపోయారు. "ఓలమ్మ! ఇద్దరూ ఫస్ట్ షిఫ్టుకి బయల్దేరేరేటి?"

ఆయన నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. చీర కింద ఆ బూట్లు టకటకమంటుంటే ఆటో ఎక్కాను.

అకోలాలో దిగి, బస్సులు మారి, లోణార్ చేరేసరికి పొద్దు వాలింది. ఆ రాత్రి లాడ్జిలో ఆయన కిటికీ దగ్గరే నిలబడ్డారు. పొద్దున్నే గట్టు మీదకి వెళ్ళాం. నేను అనుకున్నదానికంటే చాలా పెద్దది. చుట్టూ కొండలా లేచిన అంచు, దాని లోపల ఒత్తుగా అడవి, అడుగున పచ్చటి నీళ్ళు. గాలి లేదు. అంత పెద్ద గుంటలో ఒక్క నెమలి అరిస్తే మొత్తం గుంట అరిచినట్టుంది.

గైడు రాజేంద్ర అని, యాభై దాటిన మనిషి. మాతో హిందీలో మాట్లాడేవాడు, మా ఆయన్ని కాకా, అంటే బాబాయ్ అని పిలిచేవాడు. ముందు మా మొహాలు చూశాడు, తర్వాత పాదాలు చూశాడు.

"కాకా, ఈ బూట్లతోనా?"

"సేఫ్టీ బూట్లు. భిలాయివి," అన్నారు మా ఆయన.

"భిలాయివైతే సరే కాకా. దారి మాత్రం లోణార్‌ది."

దిగడం మొదలుపెట్టాం. రాళ్ళ మెట్లు కొంత దూరం, ఆ తర్వాత జారుడు బాట. దిగుతున్న ప్రతి అడుగుకీ పాదం ముందుకి జారి, బొటనవేలు వెళ్ళి ఆ ఇనుప టోపీకి గుద్దుకునేది. నాకు గుడ్డలు కుక్కడం వల్ల కొంత నయం. ఆయనకి ఏ అడ్డమూ లేదు. సగం దూరం వచ్చేసరికి ఆయన పళ్ళు బిగించి, పీతలా అడ్డంగా దిగుతున్నారు.

"విప్పేయండి," అన్నాను.

"ఏటీ కాలేదు."

"గోళ్ళు ఊడిపోతాయండి."

"పోనీ. మళ్ళీ వస్తాయి."

ఆ "మళ్ళీ" అన్న మాట పట్టుకుని నేను నాలుగడుగులు నడిచాను. మళ్ళీ అంటున్నారంటే వస్తారేమో. రారేమో. ఎదరున్న ఆయన వీపు వదలకుండా చూస్తూ దిగాను. రాజేంద్ర చెట్ల పేర్లు చెబుతున్నాడు, కొండముచ్చులు తలల మీంచి కొమ్మలు మారుతున్నాయి, నాకేమీ పట్టలేదు. ఆయన ఆగితే భయం, ఆగకపోతే భయం.

ఒకచోట ఆయన వంగి నల్లరాయి ఒకటి అందుకుని అరచేతిలో తిప్పారు. "ఇది అగ్నిపర్వతమే కదా?"

"రాయి మటుకు అగ్నిపర్వతందే కాకా," అన్నాడు రాజేంద్ర. "ఎప్పుడో రాయి నిప్పులా కరిగి పారి, చల్లారి ఈ నేలంతా అయింది. తర్వాత ఆ నేల మీద ఆకాశంలోంచి రాయి పడింది. గుంట దానిది. మా తాతల కాలంలో అందరూ అగ్నిపర్వతం నోరే అనుకునేవారు."

మా ఆయన రాయి చేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డారు. తను చెప్పింది సగం నిజం, పిల్ల చెప్పింది సగం నిజం. ఆ సంగతి చెప్పుకోవడానికి పిల్ల లేదు. రాయిని జేబులో వేసుకోబోయి, మానేసి, ఎక్కడ తీశారో అక్కడే పెట్టేశారు.

అడుగుకి వచ్చేసరికి వాసన కొట్టింది. చవుడు, కుళ్ళిన గుడ్డు కలిసిన వాసన. ఒడ్డు పొడుగునా తెల్లటి పొర. ఆయన ఫోను తీసి పిల్ల ఫోటో రాజేంద్రకి చూపించారు. "ఈ స్తంభం ఎక్కడ?"

రాజేంద్ర ఫోటో చూసి, నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు. "అదిగో కాకా. ఈమధ్య నీళ్ళు పెరిగాయి. ఒడ్డునున్నవి చాలా మునిగాయి."

ఒడ్డుకి కాస్త దూరంలో, సగం నీళ్ళలో నల్లటి స్తంభం. సత్యశ్రీ ఆనుకున్న చోటు నీళ్ళకి పైనే ఉంది. తను నిలబడ్డ నేల మాత్రం లేదు.

నేను ఫోటోలోంచి తల ఎత్తేలోపు ఆయన నీళ్ళలో ఉన్నారు.

"కాకా! దిగకూడదు, బురద! వెనక్కి రండి!" రాజేంద్ర అరుస్తున్నాడు. ఆయన వినలేదు. బూట్లతోనే, చీలమండలు, పిక్కలు, మోకాళ్ళు దాటి వెళ్ళి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. మొహం అవతలికి, నడి నీళ్ళ వైపు. పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. ఎంత సేపు నిలబడ్డారో తెలియదు. రాజేంద్ర తువ్వాలు నడుముకి బిగించి దిగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. పరాయి మనిషి వెళ్ళి లాగితే ఆయన ఇంకో అడుగు ముందుకే వేస్తారని నాకు తెలుసు.

ఆ నిలబడ్డ తీరు నేను ఎరుగుదును. ఒకసారి విశ్వకర్మ పూజ నాడు ఇంటివాళ్ళని ప్లాంటు లోపలికి రానిస్తే వెళ్ళి చూశాను. కాళ్ళు ఎడంగా పెట్టి, మెడ కదపకుండా కొలిమి ముందు అలాగే నిలబడి ఉన్నారు. నేను చూసి వచ్చేదాకా ఆయన నా వైపు తిరగలేదు. పిలిస్తే తిరగరు. ఇంకో మనిషి వస్తేనే తిరుగుతారు.

చీర ఎగ్గట్టుకుని దిగాను. నీళ్ళు బూట్లలోకి దూరి, కుక్కిన గుడ్డలు బరువెక్కాయి. బురద అడుగడుగుకీ లాగుతోంది. స్తంభం దాకా వెళ్ళి ఆయన పక్కన నిలబడి, భుజం మీద చెయ్యి వేశాను. "చలో భయ్యా" అనాలి. మొగుణ్ని భయ్యా అని ఎలా అంటాను? ఆ ముక్క మింగేసి మిగిలింది అన్నాను.

"నేనొచ్చేను. ఇంక మీరెళ్ళండి."

ఆయన ఉలిక్కిపడి తిరిగారు. "ఏటే?"

"రిలీవర్‌ని. హాల్ చెప్పి వెళ్ళండి."

కోప్పడతారనుకున్నాను. స్తంభం మీది చెయ్యి తీయకుండానే మొదలుపెట్టారు. ఇంట్లో మాట్లాడే గొంతు కాదది, ఫోనులో షిఫ్టు వాళ్ళతో మాట్లాడే గొంతు.

"జ్వరం దిగింది. పొద్దున్న ఇడ్లీ ముక్క తిన్నాది. కుడిచెయ్యి వాచింది, సెలైన్ ఎడం చేతికి మార్చేరు. ఆ కుడిచెయ్యి మీద పడుకోనీకూడదు." ఆగారు. "అమ్మ చారు తెస్తన్నాదంటే నవ్వింది. కొబ్బరినీళ్ళు కావాలన్నాది. అమ్మ రానీ, ఎల్తానన్నాను. 'ఇది ఫర్నేస్ కాదు నాన్నా, వెళ్ళు' అన్నాది."

నీళ్ళు మా మోకాళ్ళ చుట్టూ కదిలాయి.

"ఎళ్ళేను," అన్నారు.

అన్నాళ్ళూ నేను అడగనిది అదే. ఆయన చెప్పలేనిదీ అదే. రిలీవర్‌కి ఏడుపు పనికిరాదు.

"కుడిచెయ్యి మీద పడుకోనివ్వను," అన్నాను. "ఇంకేమైనా ఉందా?"

"లేదు."

"అయితే వెళ్ళండి. ఇంక నాది."

ఆయన స్తంభం వదిలారు. బురదలోంచి కాళ్ళు పెకలించుకుంటూ ఒడ్డుకి నడిచారు. వెనక్కి చూడలేదు. వెనక్కి చూడకూడదు కదా.

నేను ఉండిపోయాను. మాట తీసుకున్నాను, వెంటనే వెళ్ళలేను. పిల్ల ఆనుకున్న చోట అరచెయ్యి పెట్టాను. ఎండకి రాయి వెచ్చగా ఉంది. ఆ రోజు బస్సు ట్రాఫిక్‌లో ఆగిపోతే, చారు ఒలికిపోతుందని క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి దానికి చెప్పాను. ఇంకా కొన్ని చెప్పాను.

ఒడ్డు నుంచి ఆయన కేక వినబడింది. "ఏటే, అక్కడే ఉండిపోతావేటి?"

తిరిగి చూశాను. బండ మీద కూర్చుని బూట్లు విప్పుతున్నారు. ఆయన కూర్చున్నారు.

"నాకు రిలీవర్ ఏరీ?" అన్నాను.

"అగ్నిపర్వతం ఆరిపోయి ఎన్నాళ్ళయిందో! ఆరిపోయిన కొలిమికి షిఫ్టులుండవు. రా, జారతావు."

"కాకా, గుంట అగ్నిపర్వతానిది కాదని చెప్పాను కదా," అన్నాడు రాజేంద్ర.

"నువ్వూరుకోవయ్యా."

ఆయన రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడి, మేజోళ్ళకి రక్తం అంటి ఉంది. పైకి ఎక్కేటప్పుడు వట్టి కాళ్ళతో, నా భుజం పట్టుకుని, ముళ్ళని తిట్టుకుంటూ ఎక్కారు. నా మోకాళ్ళు ఏడ్చినా ఆగలేదు. ఆగితే ఆయనా ఆగుతారని. గట్టు మీద రాజేంద్ర ఆ బూట్లు ఎత్తి చూసి, "ఇవి నేనుంచుకోనా కాకా?" అని అడిగాడు.

"ఉంచుకో. కానీ దిగడానికి వేసుకోకు. ఇనుము మీద పడితే కాస్తాయి గానీ, మనం దిగితే కాయవు."

లోణార్ బజారులో రబ్బరు చెప్పులు కొన్నారు. మర్నాడు అకోలా స్టేషన్‌లో నన్ను బెంచీ మీద కూర్చోమని తను వరుసలో నిలబడ్డారు. కౌంటర్ దాకా కుంటుతూనే వెళ్ళి, కిటికీలోకి వంగి "దుర్గ్, రెండు" అని హిందీలో అడగడం నాకు వినబడింది. అప్పుడు కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పగటి బండి. ఎక్కి కూర్చున్న కాసేపటికి ఆయన తల పక్కకి వాలింది. తర్వాత ఒళ్ళంతా వాలింది. నాకు చివర జానెడు చోటు వదిలి మిగతా బల్లంతా ఆక్రమించి, నోరు తెరిచి, గుర్రుపెట్టి నిద్రపోయారు. నాగ్‌పూర్‌లో ఎక్కిన జనం నిలబడి ఉన్నారు. ఒకావిడ ఆయన పాదాలు తట్టబోయింది.

"దీదీ, లేపండి. కూర్చోడానికి చోటివ్వమనండి."

నేను లేచి నా చోటు ఆవిడకి ఇచ్చాను. "పడుకోనివ్వండి," అన్నాను. "ఇప్పుడే డ్యూటీ దిగారు."

ఆయన కాళ్ళ దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. దుర్గ్ వచ్చేదాకా నేను కన్ను మూయలేదు.